బరువు మోపకూడదు

"నడుస్తూనే ఉన్నావుగా! విరిగితే ఎవరైనా నడవగలరా?" అన్నాడు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండానే. నేనప్పుడు పొయ్యికీ సింకుకీ మధ్య, గట్టు అంచు పట్టుకుని కుడికాలు ఈడ్చుకుంటూ తిరుగుతున్నాను. పొద్దున్నే అటక మీదినుంచి పెద్ద గిన్నె దించబోయి స్టూలు మీదినుంచి పడ్డాను. మధ్యాహ్నానికి వదిన కుటుంబం దిగుతోంది, ఉన్న గిన్నెలు చాలవు. వదినంటే ఆయన అక్క. గిన్నె పడ్డ చప్పుడుకి ఆయన హాల్లోంచి "ఏం పగిలింది?" అని కేకేశాడు. "ఏం పగల్లేదు, నేనే పడ్డాను" అన్నాను. "చూసుకోవద్దూ!" అన్నాడు. లేచి వచ్చి చెయ్యందిస్తాడేమోనని కాసేపు నేలమీదే కూర్చున్నాను. పేజీ తిప్పిన చప్పుడు వినపడింది. సరే, మనకు మనమే దిక్కనుకుని గోడ పట్టుకుని లేచాను. గజ్జల్లో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు నొప్పి. అయినా కాలు నేలమీద ఆనింది, అడుగు పడింది. పడిందిగదా అని వంట పూర్తి చేశాను, వడ్డించాను, అందరి కంచాలూ తీశాను.

నవ్వొచ్చే సంగతేమిటంటే, నేను ఎముకల ఆస్పత్రిలో థియేటర్ నర్సుని. పెళ్ళికి ముందునుంచీ అదే ఉద్యోగం. విరిగిన తుంటిని నేను చూసినన్నిసార్లు మా ఆయన పేపరు చూసి ఉండడు. తొడ ఎముక మెడ దగ్గర, అంటే పైనున్న గుండ్రటి తలకి కాస్త కింద, విరిగి, రెండు ముక్కలూ ఒకదాన్లో ఒకటి గుచ్చుకుని ఇరుక్కుపోతే, ఆ మనిషి రోజుల తరబడి కుంటుతూ నడవొచ్చని నాకు తెలుసు. అలా నడుస్తూ నడుస్తూ ఏదో ఒక అడుగులో ఆ ఇరుకు వదిలి ఎముక తల జారిపోతుందనీ తెలుసు. తెలిసీ ఎందుకు నడిచానంటే ఏం చెప్పను? విరగలేదని మా ఆయన తేల్చేశాడు. విరగకపోతేనే బాగుండునని నాకూ ఉంది. ఇంటినిండా చుట్టాలు. రెండోసారి కాఫీ అడిగేవాళ్ళు అడుగుతున్నారు. అలాంటప్పుడు విరగడానికి నాకు తీరికేది?

మర్నాడు డ్యూటీకి కూడా వెళ్ళాను. నిజం చెప్పాలంటే ఇంట్లో ఉండటం కంటే అదే సుఖమనిపించింది. థియేటర్లో కనీసం ఒక్కచోట నిలబడి పని చేయొచ్చు. మొదటి కేసంతా ఎడమకాలి మీదే బరువంతా వేసుకుని పనిముట్లు అందించాను. పెద్ద డాక్టరు చెయ్యి చాపితే ఏది కావాలో అడగకుండానే పెట్టే అలవాటు నాది. ఆయన నా ముఖం చూడడు, నా చెయ్యి చూస్తాడు. నా ముఖం చూసింది పిచ్చుక. పిచ్చుకంటే మా జూనియర్ నర్సు. ఒక్కచోట నిలవదు, మాట ఆపదు, అందుకని నేనే పెట్టాను ఆ పేరు. "సిస్టరక్కా, నీ కుడి పాదం బయటికి తిరిగిపోయి ఉందేంటి?" అంది చెవిలో. కిందికి చూసుకున్నాను. పాదం కొంచెమే తిరిగింది. కానీ తుంటి విరిగిందని చెప్పడానికి ఆ కొంచెం చాలు మాకు.

కేసుకీ కేసుకీ మధ్య ఎక్స్‌రే తీయించుకున్నాను. ఫిల్మ్ వెలుగు పెట్టె మీద పెట్టి పెద్ద డాక్టరు టీ తాగుతూ చూశాడు. "మెడ దగ్గర విరిగింది. ఇరుక్కుని ఉంది. వెనక్కి కాస్త వాలింది కూడా. ఎవరిదిది? దీంతో నడవనిచ్చిన తెలివితక్కువ వాడెవడు?" అన్నాడు. పిచ్చుక నోరు తెరవబోయింది. "నాదే డాక్టర్" అన్నాను. ఆయన చేతిలో కప్పు అక్కడే ఆగిపోయింది. "కదలకండి" అన్నాడు. అంత గట్టిగా ఎప్పుడూ నాతో మాట్లాడలేదు. "ఉన్నచోటే ఉండండి. ట్రాలీ తెప్పించండి. ఒక్క అడుగు వేశారంటే నేనేం చేయలేను." అప్పుడు భయం వేసింది నాకు. అంతవరకూ నొప్పే ఉంది. అప్పటిదాకా వంటింట్లో, బస్సులో, మెట్లమీద వేసిన అడుగులన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఏ అడుగులోనైనా అది జారిపోయి ఉండొచ్చు. జారలేదు. నా ఎముక నాకోసం పట్టుకుని కూర్చుంది.

కబురందుకుని మా ఆయనా, వదినా వచ్చారు. అప్పటికి నన్ను గదిలో పడుకోబెట్టి, కాలు కదలకుండా రెండువైపులా ఇసుక సంచులు పెట్టారు. పెద్ద డాక్టరు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఇన్నేళ్ళు ఆయన పక్కన నిలబడి పనిచేసిన మనిషిని నేను. అయినా నా వైపు వీపు పెట్టి మా ఆయనతో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన తప్పు కూడా కాదు, అలవాటు. పడుకున్నవాళ్ళతో మాట్లాడే అలవాటు మా థియేటర్లో ఎవరికీ లేదు.

"చూడండి సార్, ఇదే కిందికి విరిగి ఉంటే రాడ్డో ప్లేటో వేసేవాళ్ళం, ఆలోచించే పనుండేది కాదు. మెడ దగ్గర విరిగింది కాబట్టి రెండు దారులున్నాయి" అన్నాడు. "ఒకటి, ఉన్న ఎముకను ఉన్నచోటే ఉంచి మూడు స్క్రూలు బిగించడం. చిన్న గాటు, తొందరగా అయిపోతుంది. అతుక్కుంటే బతికినంతకాలం సొంత కీలే. కానీ మూడు నెలలు ఆ కాలిమీద బరువు మోపకూడదు. పైగా వెనక్కి వాలింది కాబట్టి స్క్రూలు పట్టు వదిలెయ్యొచ్చు, ఎముక తలకి రక్తం అందక పాడైపోవచ్చు. అప్పుడు రెండో ఆపరేషన్ తప్పదు. రెండోది, ఆ విరిగిన తల తీసేసి లోహపు బంతి పెట్టడం. మర్నాడే వాకరు పట్టుకుని నడిపిస్తాం. అయితే ఈవిడ వయసుకి అది కొన్నేళ్ళకి అరిగి మళ్ళీ మార్చాల్సి రావచ్చు. ఆ తల కూర్చునే ఎముక గిన్నెతో సహా మొత్తం మార్చేయడమూ ఉంది గానీ, ఇది చాలు. రెండూ తప్పు కాదు. ఇంతకీ, ఇంట్లో చూసుకోవడానికి మనిషెవరైనా ఉన్నారా?"

"ఉందండీ, మా ఆవిడుంది" అన్నాడు మా ఆయన.

ఠక్కున అనేశాడు. ఆలోచించలేదు, తడుముకోలేదు. వాళ్ళమ్మకి బాగోలేనప్పుడు అదే మాట, వాళ్ళ నాన్నకి కళ్ళ ఆపరేషనప్పుడు అదే మాట, తనకి జ్వరమొస్తే అదే మాట. నోరు దానంతటదే అనేసింది. ముందు పెద్ద డాక్టరు నవ్వాడు. వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మా ఆయనకీ అర్థమై, తల గోక్కుంటూ "అదే అదే... ఈవిడే కదూ పడుకుంది" అని తనూ నవ్వాడు. మంచి జోకే. ఎవరింట్లోనో జరిగి ఉంటే పిచ్చుకా నేనూ వారం రోజులు చెప్పుకుని నవ్వేవాళ్ళం. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. మండినా కదలడానికి లేదు, కదిలితే జారిపోతుంది. ఇసుక సంచుల మధ్య కట్టెలా పడుకుని ఇంటి పైకప్పు కాని ఆ పైకప్పును చూస్తూ ఉండిపోయాను.

"అయితే బంతే వేసేయండి డాక్టర్. తొందరగా లేచేదే కావాలి మాకు" అన్నాడు మా ఆయన. "నేను రిటైరై ఇంట్లోనే ఉంటున్నా. ఒక్కణ్ణీ ఎంతకని తంటాలు పడను? పైగా మా అమ్మాయికి ఏడో నెల. పురుడు ఈవిడే పొయ్యాలి." వదిన అందుకుంది. "మర్నాడే నడుస్తుందంటున్నారుగా తమ్ముడూ, ఇంకేం ఆలోచన? మూడు నెలలు మంచమెక్కితే మనిషి పనికిరాకుండా పోదూ?" పెద్ద డాక్టరు తలూపి, అప్పటికి నా వైపు తిరిగాడు. "సిస్టర్, మీకు తెలియనిదేముంది? నాకూ మీరు తొందరగా కావాలి. మీరు లేకపోతే థియేటర్లో నా చెయ్యి ఆడదు. మధ్యాహ్నం కేసుల్లో ఆఖర్న పెట్టిస్తాను" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో! ఆ కాస్త ప్రేమకీ ఇన్నేళ్ళు పొంగిపోయేదాన్నే నేను. గుమ్మం దగ్గర ఎవరో కాగితం తెస్తే మా ఆయన నిలబడే సంతకం పెట్టేశాడు. నన్ను వేలిముద్రైనా అడిగినవాళ్ళు లేరు.

వాళ్ళు బయటికెళ్ళాక గుర్తొచ్చాడు బట్టల కొట్టాయన. ఆర్నెల్ల కిందటి కేసే. నా వయసే ఆయనకి. ఇదే విరుపు, ఇదే వాలు. పెద్ద డాక్టరు ఆయన్నీ ఇదే ప్రశ్న అడిగాడు. ఆయనా ఇదే జవాబు చెప్పాడు, "మా ఆవిడుందండీ" అని. వెనకాల చేతిసంచీ పట్టుకుని నిలబడ్డావిడ ముఖం నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు. "ఇంకేం, స్క్రూలే వేద్దాం. సొంత ఎముకను మించింది లేదండీ" అన్నాడు పెద్ద డాక్టరు. నేను స్క్రూలు అందించాను. మూడు నెలలు ఆయన కాలు కింద పెట్టకుండా ఆవిడ చూసుకుని ఉంటుంది. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆయన కర్ర లేకుండా నడిచి వచ్చాడు. వెనకాల ఆవిడ తన నడుం చేత్తో పట్టుకుని వచ్చింది. ఆ తర్వాత ఒక టీచరమ్మ వచ్చింది. ఆవిడ మొగుడూ అడిగిందొక్కటే, "ఏది చేస్తే తొందరగా లేస్తుంది?" అని. బంతి వేశాం. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఎవరిదీ తప్పు కాదు. ఎముకని చూసి మాత్రమే మేం నిర్ణయిస్తామని నమ్ముతూ వచ్చాను ఇన్నేళ్ళూ. ఎముకని చూస్తాం నిజమే. ఆ తర్వాత ఇంట్లో మనిషుందా లేదా అని చూస్తాం. ఆ మనిషే విరిగి వస్తే ఏం చేస్తామో ఇవాళ పడుకున్నాక తెలిసింది నాకు.

నాకు నా ఎముక కావాలి. అది మొదట వచ్చిన ఆలోచన. యాభై దాటాయి, ఒప్పుకుంటా. అయినా ఇంకా చాలాకాలం నడవాల్సిన కాలిది. తల తీసేశాక ఇక వెనక్కి రావడం ఉండదు. తీసిన తలను ట్రేలో పెట్టి అందుకునేదాన్ని నేనే కదా, నాకు తెలీదూ? తెల్లగా, నున్నగా, కోడిగుడ్డంత బాగుంటుంది అది. స్క్రూలు వదిలేస్తే అప్పుడు బంతి వేసుకోవచ్చు. ముందే బంతి వేస్తే స్క్రూలకి దారే లేదు. ఇదంతా లెక్కప్రకారం సబబే. పెద్ద డాక్టరుకి చెప్పడానికి ఇది చాలు. కానీ లోపల ఇంకోటి ఉంది. దాన్ని పైకి రానివ్వడానికే సిగ్గేసింది నాకు. మూడు నెలలు. మూడు నెలలు కాలు నేలమీద పెట్టకూడదు. పెద్ద డాక్టరు ఆ మాట అన్నప్పుడు వాళ్ళిద్దరి ముఖాలూ పాలిపోయాయి. నాకు మాత్రం వేసవిలో కుండనీళ్ళు గొంతులోకి దిగినట్టనిపించింది. ఛీ, ఏం మనిషినే నేను అనుకున్నాను. కడుపుతో ఉన్న కూతురుంది. ఇంటినిండా పని ఉంది. కాలు విరగ్గొట్టుకుని సంబరపడే ఆడది ఉంటుందా?

ఈలోగా వదిన మళ్ళీ వచ్చింది. పాస్‌కి వెళ్ళాలన్నాను. నర్సుని పిలవమన్నాను. "దానికి నర్సెందుకు, బాత్రూమ్ ఇదిగో ఇక్కడే ఉంది. రెండడుగులు. నా భుజం పట్టుకో, పద" అంటూ దుప్పటి లాగేసింది. లాగడమే కాదు, మోకాలి కింద చెయ్యి వేసి ఎత్తబోయింది. "వదినా, ముట్టుకోకు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పెళ్ళైనప్పటినుంచి ఆవిడతో "ఊఁ" అనడం తప్ప అరిచింది లేదు. ఆవిడ బిత్తరపోయి చెయ్యి తీసేసింది. కాలు పక్కకి ఒరిగిందేమో, గజ్జల్లో కలుక్కుమంది. పోయింది, జారిపోయింది అనుకున్నాను. వేళ్ళు కదిపి చూసుకున్నాను. పాదం ఇంకా బయటికి తిరిగిందా అని తల ఎత్తి చూడబోయాను. పడుకుని చూస్తే ఏం తెలుస్తుంది? ఇక జారిందో లేదో థియేటర్లో ఎక్స్‌రే తెర మీదే తేలాలి. జారితే స్క్రూల మాట మర్చిపోవలసిందే, మా ఆయన కోరినట్టు బంతే.

వదిన వెళ్ళి నర్సుని పిలవలేదు. తనే బెడ్‌పాన్ తెచ్చింది. నడుం ఎలా ఎత్తాలో నేను చెబితే, చెప్పినట్టే, అంగుళం అంగుళం ఎత్తి పెట్టింది. ముఖం అటు తిప్పుకుని నిలబడింది. "అరవాల్సినంత పనేముందే" అంది కాసేపటికి. కోపం లేదు గొంతులో. "నా మోకాళ్ళు అరిగి ఎన్నాళ్ళైందో తెలుసా నీకు? డాక్టరు ఆపరేషన్ అన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే మంచమెక్కాలిగా. మంచమెక్కితే ఎవరు చూస్తారు?" నేను ఆవిడ వైపు చూశాను. పాన్ పట్టుకుని కుంటుకుంటూ బాత్రూమ్‌లోకి వెళ్ళింది. ఆవిడ కుంటుతుందని నేనెప్పుడూ గమనించనేలేదు. ఎముకల ఆస్పత్రిలో పనిచేస్తూ!

అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళ నాన్న చెప్పేశాట్ట. "అమ్మా, బంతే వేయించుకో. నువ్వు లేకపోతే నా పురుడెలాగే? నాకు భయంగా ఉందమ్మా" అంది. ఏడుస్తోంది. కడుపుతో ఉన్నప్పుడు ఏడుపు తొందరగా వస్తుంది, నాకు తెలుసు. ఇది పుట్టినప్పుడు నాకు నొప్పులు డ్యూటీలోనే మొదలయ్యాయి. పొత్తిళ్ళు విడవకముందే అత్తగారు "పచ్చి బాలింత, పచ్చి బాలింత అంటూ ఎన్నాళ్ళు పడుకుంటుంది?" అంది, ఇంకెవరితోనో, నాకు వినపడేలా. లేచాను. లేచినదాన్ని లేచినట్టే ఉన్నాను. ఈ కాళ్ళమీదే పిల్లని పెంచాను, అత్తమామల్ని సాగనంపాను, నిలబడే ఉద్యోగం చేశాను. "చూద్దాంలే తల్లీ. నువ్వు ఏడవకు, బిడ్డకి మంచిది కాదు" అన్నాను. చూద్దాం అన్నానే గానీ నా మనసులో అప్పటికే తేలిపోయింది. దానికి చెప్పే ధైర్యం లేక దాటేశాను. ఫోన్ పెట్టాక కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి జాగ్రత్తగా ఎత్తాను.

మధ్యాహ్నం ట్రాలీ వచ్చింది. వరండాలో గచ్చు పగిలినచోట చక్రం ఎగిరిపడింది. నెట్టేవాడికి "మెల్లగా బాబూ, పుణ్యం కట్టుకో" అని చెబుతూనే ఉన్నాను. మా ఆయన పక్కనే నడుస్తూ, "ధైర్యంగా ఉండు, రేపే నడిచేస్తావు" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాడు. నా చెయ్యి పట్టుకున్నాడు కూడా. థియేటర్ తలుపు దగ్గర వదిలాడు.

నా థియేటర్. నేను సర్దిన అలమరాలు, నేను వేళ్ళతో తడిమినా చెప్పగల ట్రేలు. ఒకే తేడా, ఎప్పుడూ పైనుంచి చూసేదాన్ని, ఇప్పుడు కిందినుంచి చూస్తున్నాను. దీపం కింద అందరూ ఎంత పొడుగ్గా ఉన్నారో! ఓ పక్కన బంతుల ట్రే విప్పి పెట్టి ఉంది. మత్తు డాక్టరమ్మ వెన్నులో సూది వేయడానికి మందు సిద్ధం చేస్తోంది. మా దగ్గరో పద్ధతి ఉంది. మత్తు ఇచ్చే ముందు పేరేమిటి, ఏ కాలు, ఏ ఆపరేషన్ అన్నవి రోగి నోటితోనే చెప్పించాలి. ఎన్నో ఏళ్ళుగా అడిగేది నేనే. చాలామందికి తెలియదు, "డాక్టరుగారికి తెలుసులేమ్మా" అంటారు. మేం "సరే" అనుకుని ముందుకెళ్ళిపోతాం. ఇవాళ అడగడం పిచ్చుక వంతు. పేరు చెప్పాను. ఏ కాలంటే కుడి అన్నాను. "ఏ ఆపరేషన్ సిస్టరక్కా?" అంది, జవాబు ముందే తెలిసినట్టు గబగబా.

"స్క్రూలు" అన్నాను.

పిచ్చుక ఆగిపోయింది. ట్రే వైపు చూసింది, నా వైపు చూసింది. "బంతి కదా అక్కా, అందరూ..." అంది. "అందరూ ఎవరే? విరిగింది నాది. స్క్రూలు. మూడు. పొడుగు అక్కడికక్కడ కొలుచుకోవచ్చు. పై అరలో ఎడమవైపుంటుంది ఆ ట్రే, విప్పు." పెద్ద డాక్టరు చేతులు కడుక్కుంటున్నవాడల్లా తడి చేతులు పైకెత్తుకుని లోపలికి వచ్చాడు. "ఏంటిది సిస్టర్? మీవారు సంతకం పెట్టారు కదా."

"పెట్టారు. నేను పెట్టలేదు."

"నేను మీ మంచికే చెబుతున్నాను."

"తెలుసు డాక్టర్. ఏది చేసినా నా మంచికే చేస్తారు. నేనడిగింది చేయమంటున్నాను."

ఆయన మోచేతులనుంచి నీళ్ళు కారుతున్నాయి. "వెనక్కి వాలింది, మీరూ చూశారు. స్క్రూలు వదిలేస్తే? తల పాడైతే? మళ్ళీ బల్లెక్కాలి. అప్పుడు నన్ను ఆడిపోసుకుంటారు." "వదిలేస్తే అప్పుడు బంతి వేద్దురుగాని. ఆడిపోసుకోను. పిచ్చుక సాక్ష్యం." "ఉండండి, బయటికెళ్ళి సార్‌తో ఒక్క మాట..." "వద్దు" అన్నాను. ఇన్నేళ్ళలో ఆయనకి వద్దన్న మాట చెప్పలేదు నేను. కత్తెర అడిగితే కత్తెర, దారం అడిగితే దారం. "ఆయన్ని అడగొద్దు డాక్టర్. నేనిక్కడే ఉన్నాను. స్పృహలో ఉన్నాను. నన్ను అడగండి." మత్తు డాక్టరమ్మ సూది ట్రేలో పెట్టేసి, స్టూలు లాక్కుని కూర్చుంది. "మీరిద్దరూ తేల్చుకోండి. నాకేం తొందర్లేదు" అంది.

పెద్ద డాక్టరు నా ముఖం వైపు చూశాడు. చెయ్యి కాదు, ముఖం. "మూడు నెలలు సిస్టర్. మంచంమీదే అంతా. ఎందుకు? నిజం చెప్పండి." చెప్పడానికి ఎముక లెక్కంతా సిద్ధంగా ఉంది నా దగ్గర. చెప్పబోయాను, రాలేదు. "సగం ఎముక కోసం. మిగతా సగం ఆ మూడు నెలల కోసమే డాక్టర్" అన్నాను. "ఊరికే కూర్చోమని ఎవరూ అనరు నన్ను. నా అంతట నేను కూర్చోలేను, నాకు చేతకాదు. మీరు స్క్రూలు బిగించి, కాలు కింద పెట్టొద్దని చెప్పండి. అప్పుడు కూర్చుంటాను." అనేసి కళ్ళు మూసుకున్నాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఆయన గొంతు వినపడింది. "ముందు తెర మీద చూద్దాం. జారి ఉంటే మాత్రం నా మాట వినాలి." "వింటాను" అన్నాను.

నడుం కింద కాళ్ళు నావి కాకుండా పోయాయి. కాలికి పట్టీ కట్టి బల్లకి బిగించారు. ఎక్స్‌రే యంత్రం నా మీదికి వంగింది. తెర నాకు అటువైపు ఉంది, కనపడదు. పిచ్చుక ముఖం చూస్తూ ఉన్నాను. వదిన దుప్పటి లాగడం, గజ్జల్లో కలుక్కుమనడం, వరండాలో చక్రం ఎగిరిపడటం, అన్నీ తలకెక్కి కూర్చున్నాయి. మీట నొక్కిన చప్పుడైంది. ఇంకోసారి, పక్కనుంచి. పెద్ద డాక్టరు చాలాసేపు చూశాడు. నాకు చాలాసేపనిపించింది. "ఎక్కడిదక్కడే ఉంది" అన్నాడు. "మొండి ఎముక. స్క్రూల ట్రే విప్పండి." పిచ్చుక పరుగెత్తింది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. మత్తు డాక్టరమ్మ దూదితో కళ్ళు తుడిచింది. డ్రిల్లు చప్పుడు, లోహం మీద లోహం చప్పుడు వింటూ పడుకున్నాను. నొప్పి లేదు. ఒకటి బిగిసింది, రెండోది బిగిసింది, మూడోది బిగిసింది.

గదికి తెచ్చాక ముందు అమ్మాయికి ఫోన్ చేయించుకున్నాను. ఎవరో చెప్పి అది తెలుసుకోవడం కంటే నేనే చెప్పాలి. చెప్పాను. "ఇంతకాలం లేనిది ఇప్పుడే కావాలా అమ్మా నీకు?" అంది. ఆ మాట గుండెల్లో దిగబడింది. దాని స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని. "ఇంకెప్పుడు తల్లీ?" అన్నాను. "మీ ఆయన్ని సెలవు పెట్టమను. స్నానం ఎలా పోయాలో, ఎలా పడుకోబెట్టాలో ఇక్కడినుంచి ఇద్దరికీ చెబుతాను. నోటికేం కాలేదు నాకు." అది నవ్వలేదు. "సరే, ఉంటాను" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తుందో లేదో తెలియదు. మనసు పీకుతూనే ఉంది. అయినా మళ్ళీ ఫోన్ చేసి, పోనీలే, ఎలాగో వచ్చేస్తానని అనలేదు. నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

పెద్ద డాక్టరు వచ్చి మా ఆయనతో చెప్పాడు. ఈసారి మంచానికి అటువైపు నిలబడి, నాకూ కనపడేలా చెప్పాడు. స్క్రూలు వేశామని, ఆవిడ కోరిందని, మూడు నెలలు కుడికాలు నేలకి ఆనకూడదని, ఆనితే చేసిందంతా వృథా అని చెప్పాడు. మా ఆయన ముఖం మొదట ఎర్రబడింది, తర్వాత తెల్లబోయింది. "నాతో ఒక్క మాటైనా చెప్పకుండా..." అన్నాడు. డాక్టరు వెళ్ళిపోయాడు. వదిన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మోకాళ్ళు నిమురుకుంటోంది. తమ్ముడికి వంత పాడుతుందనుకున్నా, పాడలేదు. మా ఆయన మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు. నా కాలివైపు చూశాడు, గోడవైపు చూశాడు. కోపమో భయమో ఆయనకే తెలియనట్టుంది. తప్పిపోయిన చిన్నపిల్లాడి ముఖంలా ఉంది. ఒకప్పుడైతే ఆ ముఖం చూసి లేచి కూర్చునేదాన్ని.

"మూడు నెలలు! మరి నన్నెవరు చూస్తారే?" అన్నాడు.

అప్పటికి నవ్వొచ్చింది నాకు, పొద్దుటినుంచి రానిది. దిండు సరిచేసుకుని, ఆయన కళ్ళలోకి చూస్తూ, "మీకేం విరిగిందండీ?" అన్నాను.